క్రెస్వెల్ క్రాగ్స్: టికెట్ కొనేముందు

ఇంగ్లాండులో డెర్బీషైర్, నాటింగ్‌హామ్‌షైర్ సరిహద్దులోని ఈ సున్నపురాతి లోయకు వెళ్తే చర్చ్ హోల్ గుహ టూరే తీసుకోండి. మంచుయుగపు గుహాకళ దొరికిన అత్యంత ఉత్తర ప్రాంతాల్లో ఇదొకటి.

ఒక్క హెచ్చరిక: ఇవి రంగుల బొమ్మలు కావు, రాతిలో చెక్కిన సన్నని గీతలు. 2003 దాకా ఎవరి కంటా పడలేదంటేనే అర్థం చేసుకోవచ్చు. నేరుగా టార్చ్ కొడితే మాయమవుతాయి. వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడితేనే గీత లోతులో నీడ ఏర్పడి దుప్పి ఆకారం తేలుతుంది. పైగా దాని మీద 1948 నాటి గీతలు కూడా ఉన్నాయి (పేర్లు చెక్కే జబ్బు మనకొక్కరికే లేదు!). 1870లలో తవ్వినవాళ్లు గుహ నేలను బాగా దించేశారు, అందుకే బొమ్మలు ఇప్పుడు తలకంటే ఎత్తులో ఉన్నాయి.

వయసెలా తేలింది? గీతల మీద పేరుకున్న సున్నపు పొరలోకి నీటితోపాటు యురేనియం చేరుతుంది, థోరియం దాదాపు చేరదు. కాలం గడిచేకొద్దీ యురేనియం క్షీణించి థోరియం పెరుగుతుంది. ఆ నిష్పత్తిని బట్టి పొర సుమారు 12,800 ఏళ్లనాటిదని తేలింది. గీతలు దానికంటే పాతవే, ఎంత పాతవో ఈ పద్ధతి చెప్పదు.

1876లో ఇదే లోయలోని రాబిన్ హుడ్ గుహలో దొరికిన, పక్కటెముకపై చెక్కిన గుర్రం బొమ్మ అసలుది లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దానికోసమే అయితే లండన్ వెళ్లడం మేలు. గుహల్లో ఎండాకాలమూ చలే, స్వెట్టర్, పట్టున్న బూట్లు తప్పనిసరి.