ముద్దలు లెక్కపెట్టిన మూడేళ్లు

మా ఇళ్లలో తినేవాళ్ల ముద్దలు లెక్కపెట్టకూడదంటారు. లెక్కపెడితే దిష్టి తగులుతుందనీ, తిన్నది ఒంటికి పట్టదనీ మా అత్తయ్యగారు ఇప్పటికీ నమ్ముతారు. 2022 జూన్‌లో నేను వంటగది గట్టు మీద చిన్న కాటా పెట్టుకుని, కంచంలో వడ్డించుకున్న అన్నాన్ని తూచుకోవడం మొదలుపెట్టినప్పుడు ఆవిడ మొదటి వారమంతా ఏమీ అనలేదు. రెండో వారంలో మాత్రం "ఒంటికి పట్టకూడదనే కదమ్మా నీ తాపత్రయం, తూచుకో తల్లీ" అన్నారు. ఆ తర్వాత 14 నెలలు ఒక్క రోజు తప్పకుండా లెక్క రాశాను, ఐదు నెలలు పూర్తిగా మానేశాను, మళ్లీ మొదలుపెట్టి ఇంకో పద్ధతిలో నేటికీ రాస్తున్నాను. బరువు తగ్గాలనుకునేవాళ్లు తిండి లెక్కను ఎంతకాలం కొనసాగించాలన్న ప్రశ్నకు ఈ మూడేళ్ల వాడకంలో నాకు తోచిన జవాబు రాస్తున్నాను.

నేను రాజమహేంద్రవరంలో ఒక జూనియర్ కళాశాలలో కామర్స్ చెబుతాను. మొదలుపెట్టిన నాటికి నాకు 44 ఏళ్లు, ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. అంటే ఎత్తుకు బరువు ఎంత ఎక్కువో చెప్పే బీఎంఐ 31 పైచిలుకు. మనవాళ్లకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్కిస్తారు. రక్తంలో మూడు నెలల చక్కెర సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 6.5 నుంచి మధుమేహమే కాబట్టి నేను గుమ్మంలో నిలబడి ఉన్నానన్నమాట. బరువు తగ్గమనీ, తినేదంతా రాసుకోమనీ డాక్టరు గారు రెండు మాటలు చెప్పారు. ఖాతాలు రాయడమే వృత్తి అయినదాన్ని కనుక రెండోది తేలికనిపించింది.

సామగ్రి పెద్దగా అక్కర్లేదు. 5 కిలోల దాకా ఒక్కో గ్రాము తేడాతో చూపించే ఎలక్ట్రానిక్ కాటా, ఫోన్‌లో ఒక కేలరీల యాప్ చాలు. కాటాకు నేను పూర్తి మార్కులు వేస్తాను. ఈ మూడేళ్లలో బ్యాటరీలు మార్చడం తప్ప దాంతో ఏ ఇబ్బందీ రాలేదు. యాప్‌కు మాత్రం అత్తెసరు మార్కులే. అందులో వాడకందారులు ఎవరికి వారు చేర్చిన వివరాలు కలగాపులగంగా ఉంటాయి. పెసరట్టు అని వెతికితే ఒకచోట 120 కేలరీలు, ఇంకోచోట 300 చూపించింది. అట్టు ఎంత పెద్దదో, పెనం మీద ఎంత నూనె పోశారో ఎవరూ రాయలేదు. ఫొటో తీస్తే చాలు, పదార్థాన్ని అదే గుర్తుపడుతుందని చెప్పిన సదుపాయం మా ఇంటి గోంగూర పచ్చడిని పాలకూర కూర అంది. అన్నం దగ్గర పొరపాటు ఇంకా ఖరీదైనది. వంద గ్రాముల బియ్యానికి సుమారు 350 కేలరీలు, వండిన అన్నం వంద గ్రాములకు సుమారు 130. మొదటి నాలుగు రోజులు నేను వండిన అన్నం బరువును బియ్యం పద్దులో వేసి, భోజనానికే వెయ్యి కేలరీలు దాటిపోయాయని బెంగపడి రాత్రిళ్లు మజ్జిగతో సరిపెట్టుకున్నాను.

ఈ గందరగోళానికి విరుగుడు మన హైదరాబాద్‌లోనే దొరికింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దేశం నలుమూలల నుంచి తెప్పించిన 528 ఆహార పదార్థాలను పరీక్షించి 2017లో పోషక విలువల పట్టికలు వెలువరించింది. ఇవి చాలావరకు వండని సరుకుల లెక్కలు కాబట్టి వంటను మనమే కట్టుకోవాలి. ఒక ఉదాహరణ చెబుతాను. టమాటా పప్పుకు కందిపప్పు 150 గ్రాములు వేస్తే 500 కేలరీలు, తాలింపు నూనె 15 గ్రాములకు 135, టమాటాలు, ఉల్లిపాయలు కలిపి ఇంకో 65, మొత్తం 700. ఉడికి, ఎనిపి, తాలింపు వేశాక గిన్నెతో సహా తూచి గిన్నె బరువు తీసేస్తే పప్పు 900 గ్రాములు తేలింది. మా గరిటెకు 75 గ్రాములు వస్తుంది కాబట్టి గరిటెడు పప్పు 60 కేలరీల లోపే. ప్రతిసారీ గిన్నె ఖాళీ చేసి తూచే పని లేకుండా ఇంట్లో ఉన్న గిన్నెలన్నింటి అడుగునా వాటి బరువు మార్కర్‌తో రాసి పెట్టాను. పప్పు గిన్నె అడుగున 640 అన్న అంకె ఇప్పటికీ చెరగలేదు. పనమ్మాయి అది గిన్నె ధర అనుకుంది.

ఇదంతా వినడానికి చాదస్తంగా ఉంటుంది కానీ, మూడు వారాలు ఓపిక పడితే చెయ్యే కాటా అవుతుంది. అన్నం వడ్డించే హస్తం నిండుగా పెడితే 110 గ్రాములని, నేను మధ్యాహ్నం నాలుగు హస్తాలు పెట్టుకుంటున్నానని తెలిశాక మూడుకు దిగడం పెద్ద కష్టం కాలేదు. రోజుకు నాలుగు సార్లు టీ, ప్రతిసారీ రెండు చెంచాల పంచదార. చెంచా 5 గ్రాముల చొప్పున పంచదారే 40 గ్రాములు, 160 కేలరీలు. ఇవి నాకు అంతకుముందు తెలియనివి కావు, ఎప్పుడూ కూడి చూడనివి. నిజంగా తెలియనిది ఒకటుంది: మా అమ్మాయి కంచంలో వదిలేసిన దోశ ముక్క, గిన్నె అడుగున మిగిలిన రెండు ముద్దల పులిహోర, పారేయడానికి చేతులు రాక నేను నిలబడే తినేవి. కూర్చుని తిన్నది భోజనం, నిలబడి తిన్నది ఇల్లు సర్దుకోవడం అన్నట్టుగా ఉండేది నా మనసులోని లెక్క. అవి కూడా రాయడం మొదలుపెట్టిన నెల నుంచే బరువు కదిలింది.

అలా 2023 ఫిబ్రవరికి 71.5 కిలోలకు వచ్చి ఆగిపోయాను. యాప్ నాకు రోజుకు 1500 కేలరీలు నిర్ణయించింది. నా ఒంటి ఖర్చు 2050 అనీ, తేడా 550 కాబట్టి వారానికి అర కిలో తగ్గుతాననీ దాని అంచనా. ఆ లెక్కన ఎనిమిది నెలల్లో 17 కిలోలు తగ్గాలి, నేను తగ్గింది ఆరున్నర. కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలు అనుకుని వెనక్కి లెక్క కడితే నాకు నిజంగా మిగిలిన లోటు రోజుకు 210 మాత్రమే. 340 కేలరీలకు జమాఖర్చు కుదరడం లేదు. ఖాతాల రెండు వైపులా సరిపోయాయో లేదో చూసే ట్రయల్ బ్యాలెన్స్ కుదరకపోతే తేడాను తాత్కాలికంగా సస్పెన్స్ ఖాతాలో వేసి, తప్పు ఎక్కడుందో వెతకమని పిల్లలకు ఏటా చెబుతాను. బరువు తగ్గేకొద్దీ ఒంటి ఖర్చు కూడా తగ్గుతుంది కాబట్టి కొంత దానికి రాసి, మిగిలినదాని కోసం వంటగదిలో వెతకడం మొదలుపెట్టాను.

తప్పు నూనె పద్దులో దొరికింది. కూరల్లో నా వాటాకు రోజుకు రెండు చెంచాలు, అంటే 10 గ్రాములు అని ఎనిమిది నెలలుగా కళ్లు మూసుకుని రాస్తున్నాను. కిరాణా చిట్టీలు తీసి చూస్తే నెలకు నాలుగు లీటరు ప్యాకెట్లు వస్తున్నాయి. మేం కొనే ప్యాకెట్ మీద 910 గ్రాములని అచ్చు వేసి ఉంటుంది. నలుగురు మనుషులం, ముప్పై రోజులు. భాగిస్తే తలకు రోజుకు 30 గ్రాములు, 270 కేలరీలు. నేను రాసింది 90. అత్తయ్యగారు కొంచెం తక్కువ తింటారని, వేపుడు మూకుడులో కొంత మిగిలిపోతుందని సర్దుకున్నా నూరు, నూట యాభై కేలరీల తేడా అక్కడే ఉంది. ముద్దపప్పులోకి ఆవకాయ పైన తేలిన నూనె వేసుకోవడం ఈ లెక్కలోకి రానే రాలేదు. ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. 2024లో అదే పోషకాహార సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల భోజనానికి నూనెలు, కొవ్వులు కలిపి 27 గ్రాములు సూచించారు. కాబట్టి మా ఇల్లేమీ నూనెలో మునిగి తేలడం లేదు. ముప్పై తింటూ పది అని రాసుకోవడమే తప్పు.

ఈ తప్పు నా ఒక్కదానిదే కాదని తర్వాత చదివి ఊరట పొందాను. తక్కువే తింటున్నా బరువు తగ్గడం లేదని చెప్పుకున్న కొందరిని పరిశీలిస్తే, వాళ్లు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువ చేసి చెప్పారని 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన అధ్యయనం తేల్చింది. ఆ అంకె పదిమంది ఉన్న చిన్న బృందానిదే. మరోవైపు, అమెరికాలో దాదాపు 1,700 మందితో చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ రాసుకున్నవాళ్లు అసలు రాయనివాళ్ల కంటే రెట్టింపు బరువు తగ్గారు. రాసేది తప్పులతడకే అయినా రాయడం పనిచేస్తుందన్నమాట. నా అనుభవంలో ఈ రెండు ఫలితాలూ ఒకదానికొకటి అడ్డు రాలేదు. తలకు 30 గ్రాములున్న నూనెను 19కి తెచ్చాక, అంటే నాలుగు ప్యాకెట్లు రెండున్నర అయ్యాక, ముల్లు మళ్లీ కదిలి 2023 ఆగస్టుకు 66.5కు చేరాను. హెచ్‌బీఏ1సీ 5.6కు దిగింది.

ఇంత మేలు చేసినదాన్ని ఎందుకు మానేశానో కూడా చెప్పాలి. పాడైన మొదటి విషయం నా తిండి రుచే. లెక్క కట్టడం సులభమైనది నాకు తెలియకుండానే మంచి తిండి అయిపోయింది. వంకాయ కాయకూరకు పది వస్తువులు తూచాలి. బిస్కట్ ప్యాకెట్ మీద అంకెలు అచ్చువేసి సిద్ధంగా ఉంటాయి. సాయంత్రం ఆకలేస్తే గుప్పెడు వేయించిన పల్లీలకు బదులు ప్యాకెట్ విప్పే స్థితికి వచ్చాను, కేవలం రాయడానికి వీలని. రాత్రి తొమ్మిదింటికి యాప్‌లో ఇంకా 180 మిగిలాయని కనిపిస్తే, ఆకలి లేకపోయినా ఏదో తిని ఆ పద్దు ముగించేదాన్ని. మార్చి నెలాఖరులో బడ్జెట్ మురిగిపోతుందని ఆఫీసుల్లో కుర్చీలు కొన్నట్టు. పెళ్లి భోజనాలకు వెళితే విస్తరి ముందు కూర్చుని అంచనాలు కట్టడం, మర్నాడు బరువు చూసుకుని కిలోన్నర పెరిగిందని రోజంతా ముఖం మాడ్చుకోవడం. ఆ కిలోన్నర ఉప్పూ నీరూ తప్ప కొవ్వు కాదని, కిలోన్నర కొవ్వు కట్టాలంటే ఒక్క పూటలో పదకొండు వేల కేలరీలకు పైగా అదనంగా తినాలని లెక్క తెలిసిన నాకు కూడా ఆ ఉదయం గుర్తు రాదు.

వీటన్నింటినీ భరించేదాన్నే. కానీ ఆగస్టులో ఒక రాత్రి మా అమ్మాయి, అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం, పెరుగన్నం కలుపుకుంటూ మధ్యలో చెయ్యి ఆపి "అమ్మా, ఇది మూడు వందలుంటుందా?" అని అడిగింది. నేను చెప్పలేదు. అది సగం తిని లేచింది. సన్నగా, ఎదిగే వయసులో ఉన్న పిల్ల. దానికి ఎవరూ లెక్కలు నేర్పలేదు, గట్టు మీద కాటా పద్నాలుగు నెలలుగా చూస్తోందంతే. మర్నాడు ఉదయం కాటాను అటక మీద పెట్టి, యాప్ తీసేశాను.

మానేసిన ఐదు నెలలు హాయిగానే గడిచాయి, దసరా నుంచి సంక్రాంతి దాకా పండుగలన్నీ ఆ ఐదు నెలల్లోనే వచ్చాయి. అన్నం మూడు హస్తాలు మించలేదు, టీలో పంచదార పెరగలేదు. ఆ రెండూ అలవాటైపోయాయి. నూనె మాత్రం చడీచప్పుడు లేకుండా మూడున్నర ప్యాకెట్లకు వచ్చింది, నిలబడి తినడం పూర్తిగా తిరిగొచ్చింది. 2024 సంక్రాంతి అరిసెల తర్వాత చూసుకుంటే 70.5. లెక్క నేర్పినవాటిలో కొన్నే చేతికి వచ్చాయనీ, మిగిలినవాటికి కాపలా కావాలనీ అప్పుడు అర్థమైంది.

అప్పటి నుంచి నేను రోజూ కేలరీలు రాయడం లేదు. అల్మరాలో ఒక సన్న నోటుబుక్కు ఉంటుంది. అందులో నూనె ప్యాకెట్ విప్పిన తేదీ, నిలబడి తిన్నవి, వారం రోజుల బరువు సగటు, ఈ మూడే. సగటు 68 దాటితే పది రోజుల పాటు పాత పద్ధతిలో అన్నీ తూచి రాస్తాను, అదీ అమ్మాయి కాలేజీకి వెళ్లాక. పది రోజులు కాగానే కాటా మళ్లీ అటకెక్కుతుంది. ఈ ఏడాదిన్నరలో అలా నాలుగు సార్లు చేయాల్సి వచ్చింది. నాలుగింట్లో మూడుసార్లు తప్పు నూనెదే, ఒకసారి మామిడిపళ్లది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా అడిగితే, మొదటి మూడు నెలలు గ్రాముతో సహా రాయమనే చెబుతాను. వండేది మీరే అయితే ఇంకా తప్పదు. ఆ తర్వాత రోజూ రాయడం వల్ల నాకు కొత్తగా తెలిసింది చాలా తక్కువ. తిండి అంటేనే భయం పట్టుకున్నవాళ్లు, ఎప్పుడైనా తినడం మానేసి ఒంటిని మాడ్చుకున్నవాళ్లు, ఎదిగే పిల్లలు, గర్భిణులు మాత్రం దీని జోలికి సొంతంగా వెళ్లకుండా డాక్టరును అడగాలి. ఇన్సులిన్ వాడేవాళ్ల లెక్క వేరు, వాళ్లకు రాయడం వైద్యంలో భాగం.

ప్రస్తుతం నా సగటు 67.2. నోటుబుక్కులో చివరి పద్దు, ప్యాకెట్ విప్పింది 3వ తేదీ. ఈ రోజు 13, ఇంకా అంగుళం నూనె ఉంది. అత్తయ్యగారు ఆదివారం గారెలంటున్నారు.