గూడబాతుల వెంట: నేలపట్టు, ఉప్పలపాడు, ఆటపాక

మా చెల్లెలు జువాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. గూడబాతులు, అంటే మనం పెలికాన్లని పిలిచేవి, ఏ ఏడు ఏ చెరువుకి మకాం మారుస్తాయి, చెట్లు లేనిచోట దేనిమీద గూడు కడతాయి అన్నది ఆమె పరిశోధన. మొన్న జనవరిలో గూళ్లు లెక్కపెట్టడానికి బయల్దేరుతూ, "అక్కా, నేను దుర్భిణీలో చూస్తుంటే పక్కన రాసేవాళ్లు ఒకరు కావాలి, వస్తావా?" అంది. అలా ఐదు రోజులు తిరిగాం. పక్షుల కోసం వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట సూళ్లూరుపేట దగ్గరున్న నేలపట్టు పక్షుల అభయారణ్యం. సూళ్లూరుపేటలో లాడ్జి తీసుకున్నాం. చెన్నై నుంచి ఇక్కడికి లోకల్ రైళ్లున్నాయి కాబట్టి రావడం తేలిక. గది బాగానే ఉంది గానీ వేడినీళ్లు ఆరు దాటితే తప్ప రావు. మేమేమో ఐదింటికే కదలాలి. ముందురోజు రాత్రే చెబితే ఒక బకెట్ కాచి ఇచ్చారు, కాబట్టి మీరూ అడిగి పెట్టుకోండి. ఇక్కడ జరిగే ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో మాత్రం వెళ్లకండి. గదులు దొరకవు, దొరికినా ఆ జనంలో పక్షుల్ని తీరిగ్గా చూడలేం.

నేలపట్టుకి ప్రాణం చెరువులోని కడప అనే రకం చెట్లు. మొదళ్లు నీళ్లలో ఉంటాయి, గూళ్లు పైకొమ్మల మీద. చుట్టూ నీళ్లున్నంత కాలం అడవిపిల్లులు, నక్కలు అక్కడిదాకా రాలేవు. అందుకే వానలు బాగా పడి చెరువు నిండిన ఏడు పక్షులకి పండగ. నీళ్లు చాలని ఏడు అవి గూళ్లు పెట్టవు, వేరే చోటు వెతుక్కుంటాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన వి. నాగులు, జె.వి. రమణారావు దక్షిణాది గూడబాతుల స్థావరాలను సర్వే చేసి 1983లో ప్రచురించారు. చెల్లెలి సంచీలో దాని జిరాక్సు కాపీ ఎప్పుడూ ఉంటుంది.

వాచ్‌టవర్ మీద మా పక్కనే ఒక టూరు బృందం ఉంది. వాళ్ల గైడు, "ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చినవే" అంటున్నాడు. చెల్లెలు ఉండబట్టలేకపోయింది. "అన్నా, బాతుల్లో కొన్ని అంత దూరం నుంచి వచ్చే మాట నిజమే. గూడబాతు మాత్రం మన పక్షే. ముఖ్యంగా మన దక్షిణాదిలో, శ్రీలంకలో, కంబోడియాలో గూళ్లు పెడుతుంది. ఈ చెరువు ఎండితే ఇంకో చెరువు చూసుకుంటుంది, అంతే." ఆయన విని, ఆ మాటే తన బృందానికి మళ్లీ చెప్పాడు. నాకు చాలా సంతోషమేసింది. ఎక్కడినుంచో వచ్చిన చుట్టాలనుకుంటే చూసి వెళ్లిపోతాం. మన చెరువుల్ని నమ్ముకుని బతికే పక్షులని తెలిస్తే చెరువు పూడిపోతుంటే ఊరుకోలేం కదా.

మధ్యాహ్నం పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోట వెళ్లే రోడ్డులో ఆగాం. ఫ్లెమింగోలు దూరంగా గులాబీ గీతలా కనిపించాయి. మంచి బైనాక్యులర్స్ లేకపోతే నిరాశే.

ఇక ఉప్పలపాడు. ఈ ఊరి గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. గుంటూరుకి దగ్గరే, ఆటోలో వెళ్లిరావచ్చు. బస గుంటూరులోనే పెట్టుకోండి. మంచి హోటళ్లున్నాయి, పొద్దున్నే ఇడ్లీ దొరుకుతుంది. ఊరి చెరువు చిన్నది. అందులో సర్కారు తుమ్మ చెట్లు, వాటి మధ్య ఇనుప స్టాండ్లు, వాటి నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. పక్కనే ఇళ్లు, రోడ్డు, బడికెళ్లే పిల్లలు. వాసన గట్టిగానే ఉంటుంది, కాసేపటికి అలవాటైపోతుంది.

గూళ్లున్న చెట్లు ఏళ్లతరబడి రెట్టలు పడి మోడువారిపోతాయి. అందుకే ఈ ఇనుప స్టాండ్లు, పైన జల్లెడలా తీగ అల్లి పెట్టారు. పక్షి ఇనుము మీద నిజంగా కాపురం చేస్తుందా అని నాకు అనుమానంగానే ఉండింది. ఒక గూడబాతు పుల్ల తెచ్చి తీగ మీద పెట్టింది. అది సందులోంచి జారి నీళ్లలో పడింది. వెళ్లి ఇంకోటి తెచ్చింది, అదీ జారింది. మూడోసారి పక్క గూట్లోంచి ఒక కొమ్మ లాక్కొచ్చి, రెండు కడ్డీల మీదికీ వచ్చేలా అడ్డంగా పెట్టి ముక్కుతో అదిమింది. అది నిలిచింది. నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. చెల్లెలు దుర్భిణీలోంచి కన్ను తీయకుండానే, "రాయి అక్కా. ఆధారం: ఇనుము. దశ: కట్టుబడి" అంది. పై వరుసలో ఒక పిల్ల తల్లి నోట్లోకి తలంతా దూర్చేసి చేపలు తింటోంది. అంత దగ్గరగా, టవర్ ఎక్కకుండా, రోడ్డు పక్కన నిలబడి చూడగలిగింది ఇక్కడే.

చివర కొల్లేరు. కేరళకు చెందిన పక్షుల పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ 1946లో ఈ ప్రాంతంలో ఒక పెద్ద గూడబాతుల స్థావరాన్ని కనుక్కున్నారు. 1970ల కల్లా అది ఖాళీ అయిపోయింది. మళ్లీ చాలా ఏళ్లకి ఇవి కొల్లేరు పక్కనున్న ఆటపాకలో గూళ్లు పెట్టాయి. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో రాంసర్ జాబితాకెక్కింది, అంటే ప్రపంచస్థాయిలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాకి. 2006లో సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆటపాకలోనూ ఇనుప స్టాండ్లే ఆసరా. అంత పెద్ద సరస్సు పక్కన పక్షి గూడు పెట్టుకోవడానికి ఇనుము వెతుక్కోవాల్సి రావడం చూస్తే మనసు చివుక్కుమంది.

పడవ షికారు బాగుంది. ఒక కుటుంబం ఫొటో కోసం చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపబోతే పడవ నడిపే ఆయన గట్టిగానే ఆపాడు. పెద్దపక్షి లేచిపోతే గుడ్లు ఎండకి మాడతాయి, లేదంటే కాకుల పాలవుతాయి. కైకలూరు నుంచి ఆటపాక దగ్గరే. బస మాత్రం ఏలూరులోనో విజయవాడలోనో పెట్టుకుంటే సుఖం. మేము కైకలూరులో ఉండి దోమలతో రాత్రంతా జాగారం చేశాం.

పిల్లలతో వెళ్లేవాళ్లకి ఆటపాక, కారున్నవాళ్లకి నేలపట్టు, పులికాట్ కలిపి. ఒక్కపూటే ఉందంటే మాత్రం కళ్లు మూసుకుని ఉప్పలపాడు వెళ్లండి. పక్షిపిల్లలు ఎగిరాక చెల్లెలు మళ్లీ లెక్కకి వెళ్తోంది. ఆ ఇనుము మీది గూట్లో పిల్ల బతికిందో లేదో నాకు తెలియాలి. ఉప్పలపాడుకైతే నేనూ వస్తానని ఇప్పుడే చెప్పేశాను.