మియాపూర్ ఫ్లాటుకు అద్దె చూసిపెట్టే సంస్థ: బరంపురం నుంచి నా అనుభవం

మియాపూర్‌లోని మా రెండు పడకగదుల ఫ్లాటు బాగోగులను 2021లో హైదరాబాదు సంస్థ ఒకదానికి అప్పగించి, నేను బరంపురం కోర్టుపేటలో మా నాన్నగారి ఇంట్లో ఉంటూ హైదరాబాదు కంపెనీకే పని చేస్తున్నాను. పనితనానికి వంక పెట్టలేను. నెలకు అద్దెలో 8 శాతం కోసుకుని, మిగిలినది ఐదో తేదీలోగా ఖాతాలో వేస్తారు. పదకొండు నెలల ఒప్పందానికీ, కారుతున్న కుళాయికీ, సొసైటీ మెయింటెనెన్సుకూ దేనికీ నేను కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కవలసి రాలేదు.

అప్పట్లో 15,000కు ఇచ్చిన ఇల్లు, కంపెనీలు ఉద్యోగులను వెనక్కి పిలిచాక 24,000కు చేరింది. నాతో సమానమైన జీతం ఉన్న సహోద్యోగి 2020లో అద్దె ఇల్లు ఖాళీ చేసి పర్లాకిమిడి వెళ్లాడు. పిలుపు వచ్చి తిరిగి చేరేసరికి పెరిగిన అద్దే అతనికి ఎదురైంది. ఇంటి నుంచి పని ఇద్దరికీ దొరికింది గానీ, నాకైతే ఆ ఇల్లు కూడా సంపాదించిపెట్టింది. అమెరికాలో 2019 చివరి నుంచి రెండేళ్లలో ఇళ్ల ధరలు సుమారు 24 శాతం పెరగగా, అందులో సగానికి పైగా ఇంటి నుంచి పని వల్లనేనని జాన్ మాండ్రగాన్, యోహానెస్ వీలాండ్ అనే ఆర్థికవేత్తలు 2022లో లెక్కగట్టారు. ఇంట్లోనే పని చేసేవారికి అదనంగా ఒక గది కావలసి రావడం అందుకు ముఖ్య కారణం. ఆ పెరుగుదల అప్పటికే ఇల్లున్నవారి ఆస్తిలో కలుస్తుంది, లేనివారికి ఇల్లు మరింత దూరమవుతుంది. మన నగరాల లెక్కలు వేరు కావచ్చు, నా పాస్‌బుక్కు మాత్రం ఆ దారిలోనే ఉంది.

నా ఫిర్యాదు ఒక్కటే. పోయిన ఏడాది ఖాళీ చేసినావిడ ఒక ఆసుపత్రిలో నర్సు, అంటే ఇంటి నుంచి చేసే వీలులేని ఉద్యోగం. గోడలకు రంగులు వేయించాలంటూ ఆవిడ అడ్వాన్సులోంచి సంస్థ 14,000 పట్టుకుంది. కారణం అడిగితే నాకొక వీడియో పంపారు: హాల్లో క్యాలెండరుకు కొట్టిన మేకు కన్నం, వంటగదిలో పోపు మరక, అంతే. పురపాలక పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతాన్ని, మరమ్మతుకు రూపాయి ఖర్చు పెట్టకపోయినా, ఆదాయపు పన్ను చట్టం యజమానికి మినహాయిస్తుంది. కాబట్టి సున్నం వేయించవలసినవాడిని నేను. ఆ ఖర్చు ఆవిడ మీద వేశారు. ఆ డబ్బు నేనే పంపితే, "ఓనరు తిరిగి ఇవ్వడం ఇదే మొదటిసారి సార్" అని ఆవిడ ఫోను చేసింది.

సేవకు ఐదు నక్షత్రాలు ఇవ్వవలసినదే, ఈ ఒక్క పనికి రెండు తగ్గించి మూడు ఇస్తున్నాను. కొత్త ఒప్పందంలో ఆ రంగుల షరతు తీసేయమంటే, మిగతా యజమానులెవరూ అడగలేదని సమాధానం వచ్చింది.