పంక్తి మధ్యలో ప్రాసెసర్‌ను లేపితే: ఆరేళ్ల వాడకం తర్వాత

మిషన్ నడుస్తుండగానే అందులోంచి రెండు ప్రాసెసర్లు తీసేయాలని నేను అనగానే, మా దగ్గర ఎడిటింగ్ నేర్చుకుంటున్న కుర్రాడు స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. "మూత విప్పమంటారా అన్నా?" అని అడిగాడు. నవ్వాను గానీ, మొదటిసారి ఈ మాట విన్నప్పుడు నా బుర్రలో మెదిలిన బొమ్మ కూడా అదే.

విప్పాల్సిన పని లేదు. చిప్పు తన సాకెట్‌లోనే ఉంటుంది. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ మాత్రం దానికి పని చెప్పడం మానేస్తుంది, అంతే. పంక్తి భోజనంలోంచి ఒకరిని మధ్యలో లేపేసినట్టన్నమాట, నేను 'లేపడం' అనేది ఈ తీసేయడాన్నే. దీని పేరు సీపీయూ హాట్‌ప్లగ్. బోర్డుతో సహా బయటికి లాగగలిగే యంత్రాలు లేకపోలేదు. 1997లో వచ్చిన సన్ ఈ10000 సర్వర్‌కు ఆ వసతి ఉండేది. మనలాంటివాళ్లు సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకునే సర్వర్లకు ఆ యోగం లేదు కాబట్టి ఎవరూ ఆ సాహసం చేయవద్దు.

మాది హనుమకొండ చౌరస్తా దగ్గర పెళ్లి వీడియోల గది. 2019 మొదట్లో రెండు జియాన్ ఈ5-2650 వీ2 చిప్పులున్న పాత సర్వర్ ఒకటి కొని డెబియన్ అనే లైనక్స్ వేశాను. చిప్పుకు 8 కోర్లు, కోర్‌కు రెండు త్రెడ్లు, అంటే ఒక్కో కోర్ కెర్నల్‌కు రెండు ప్రాసెసర్లుగా కనబడుతుంది. కెర్నల్ లెక్కలో 0 నుంచి 31 వరకు మొత్తం 32 ప్రాసెసర్లు. మాఘం నుంచి వైశాఖం దాకా అది రాత్రింబవళ్లు నడుస్తుంది. ఆషాఢంలో దానికీ మాకూ విశ్రాంతి.

వాడే పద్ధతి చెప్పడానికి ఎక్కువేమీ లేదు. కెర్నల్ తన సంగతులు చూపించే 'సిస్' డైరెక్టరీలో ప్రతి ప్రాసెసర్‌కూ ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో 'ఆన్‌లైన్' అనే చిన్న ఫైల్. రూట్ (నిర్వాహకుడి) అధికారంతో దానిలో 0 రాస్తే ఆ ప్రాసెసర్ లేచిపోతుంది, 1 రాస్తే వచ్చి కూర్చుంటుంది. నంబర్ల వరుస ఇచ్చి ఒకేసారి పని కానివ్వాలంటే 'సీహెచ్‌సీపీయూ' అనే ఆదేశం ఉంది. ఎవరు కూర్చున్నారో ఎవరు లేచారో 'ఎల్ఎస్‌సీపీయూ' చెబుతుంది. ఇంతకంటే సులువైన స్విచ్ మా గదిలో ఇంకొకటి లేదు, ట్యూబ్‌లైటు కూడా రెండుసార్లు మిణుకుమని గానీ వెలగదు.

ఇదేదో సర్వర్లవాళ్ల వ్యవహారమని అనుకోకండి. పాత తరహా గాఢ నిద్ర (ఎస్3) ఉన్న లైనక్స్ ల్యాప్‌టాప్‌ను మూత వేసి నిద్రపుచ్చిన ప్రతిసారీ కెర్నల్ చేసేది ఇదే పని. మొదటి ప్రాసెసర్ ఒక్కదాన్ని ఉంచి మిగిలినవాటిని వరుసగా లేపేస్తుంది, మూత తీశాక మళ్లీ కూర్చోబెడుతుంది. కెర్నల్ తన పనులు రాసుకునే లాగ్ తెరిచి చూస్తే ఆ ముక్క రాసి ఉంటుంది కూడా.

ఇక నా అనుభవం. ఈ సౌకర్యం నా చేతికి వచ్చాక మొదట దాన్ని వాడింది పూర్తిగా తప్పుడు పనికి.

కొన్న ఏడాది మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. రామగుండంలో 2600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం ఇక్కడికి ఎంతో దూరం లేదు, అయినా మా యూపీఎస్ ఆ లెక్కలేవీ వినకుండా కూత పెడుతూనే ఉంటుంది. లోపల ఒక పెళ్లి సినిమా సగం రెండర్ అయి (తుది వీడియోగా తయారై) ఉంది. సగం ప్రాసెసర్లను లేపేస్తే యూపీఎస్ రెట్టింపు సేపు వస్తుందని లెక్క వేసి, 16 నుంచి 31 దాకా అన్నిటికీ 0 రాసేశాను. ప్లగ్గుకు పెట్టిన వాట్ మీటర్ వైపు ఆశగా చూశాను. కాస్త తగ్గింది. రెండర్ వేగం కూడా తగ్గింది. చివరికి పని ముగియడానికి పట్టిన సమయంతో కలిపి చూస్తే మిగిలిందేమీ లేదు.

తర్వాత తీరిగ్గా, రెండర్ ఏదీ నడవని వేళ, అదే ప్రయోగం చేశాను. మీటర్ ముల్లు కదిలిందని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు. కారణం తెలుసుకున్నాక నా మీద నాకే నవ్వు వచ్చింది. పని లేని కోర్‌ను కెర్నల్ ఎప్పుడో నిద్రపుచ్చుతుంది. నిద్రపోతున్నవాణ్ణి పంక్తిలోంచి లేపి పక్క గదిలో పడుకోబెడితే అన్నం మిగలదు కదా. పైగా నేను లేపినవి కోర్లు కూడా కావు. ఈ మిషన్‌లో 16 నుంచి పైన ఉన్నవన్నీ మొదటి పదహారింటికి జోడీ త్రెడ్లు. అంటే ఒక్క కోర్ కూడా పూర్తిగా ఖాళీ కాలేదు.

కరెంటు పొదుపే మీ అవసరమైతే ప్రాసెసర్ గరిష్ఠ వేగాన్ని తగ్గించండి. లేదా రెండర్ ప్రోగ్రామ్‌కు 'స్టాప్' సిగ్నల్ పంపి అక్కడే నిలిపి ఉంచండి, కరెంటు వచ్చాక 'కంటిన్యూ' సిగ్నల్ పంపితే ఆగిన చోటు నుంచే నడుస్తుంది. ఆరేళ్లుగా నేను చేస్తున్నది ఈ రెండోదే. పొదుపు కోసం ప్రాసెసర్లను లేపమని సలహా ఇచ్చేవాళ్లు మీటర్ పెట్టి చూడలేదని నా గట్టి అనుమానం.

చేర్చడం, తీసేయడం అనే మాటలను మనం జంటగా వాడతాం గానీ అవి జంట కావు. ఆలస్యంగా వచ్చిన చుట్టానికి విస్తరి వేయడం పెద్ద పని కాదు. తింటున్నవాణ్ణి లేపడం అలా కాదు. అతని విస్తరిలో ఉన్నవన్నీ ఎవరో ఒకరు అందుకోవాలి. ప్రాసెసర్ విషయంలోనూ అంతే. దాని మీద నడుస్తున్న ప్రోగ్రామ్‌లు, మోగాల్సిన టైమర్లు, నెట్‌వర్క్ కార్డు నుంచీ డిస్కు నుంచీ దానికి వచ్చే ఇంటరప్టులు (నా పని చూడమనే పిలుపులు), అన్నీ పక్కవాళ్లకు అప్పగించాలి. ఆ అప్పగింతలో ఒక మెట్టు దగ్గర మిగిలిన ప్రాసెసర్లన్నీ ఒక్క క్షణం తమ పని ఆపి నిలబడాలి. చేర్చేటప్పుడు ఆ అవసరం లేదు.

ఆ క్షణం ఎంత చిన్నదైనా నాకు ఒకసారి వినబడింది. కాజీపేటలో ఒక పెళ్లికి ప్రత్యక్ష ప్రసారం మా గది నుంచే వెళుతోంది. ప్రసారానికి ఇబ్బంది ఉండదులే అనుకుని, అదే మిషన్‌లో ఒక ప్రాసెసర్‌ను లేపాను. సరిగ్గా జీలకర్ర బెల్లం వేళ, మేళం మధ్యలో 'టప్' మని శబ్దం. శబ్దాన్ని ముందుగా కాస్త నిల్వ ఉంచే ఆడియో బఫర్‌ను మరీ చిన్నదిగా పెట్టడం నా తప్పే, అది ఒప్పుకుంటాను. పెళ్లివారు మైకు వైరు కదిలిందనుకున్నారు. నేనూ కాదనలేదు. ఆ తర్వాత ప్రసారం నడిచే రోజున ఆ ఫైల్ జోలికి వెళ్లలేదు.

దీనికంటే నన్ను ఎక్కువ విసిగించింది మరొకటి. ఆ ఆడియో ప్రోగ్రామ్‌ను నేను 'టాస్క్‌సెట్'తో 6వ ప్రాసెసర్‌కు కట్టేసి ఉంచాను, ఇంకెక్కడికీ పోకూడదని. 6ను లేపినప్పుడు కెర్నల్ ఆ కట్టు తెంచి, ఎక్కడైనా నడవచ్చని దాన్ని వదిలేసింది. తప్పులేదు, లేకపోతే అది నడవడానికి చోటే లేదు. లాగ్‌లో ఒక వాక్యం రాసి పెట్టింది కూడా. కానీ 6ను తిరిగి తెచ్చాక ఆ కట్టు మళ్లీ పడలేదు. ప్రోగ్రామ్ ఊరంతా తిరుగుతూనే ఉంది, నేను మళ్లీ కట్టేదాకా. ఈ సంగతి తెలియక రెండు వారాలు ఆడియో ఎందుకు సరిగా లేదో వెతుక్కున్నాను. ప్రోగ్రామ్‌లను గుంపులు చేసి హద్దులు పెట్టే సీగ్రూప్ పాత పద్ధతిలో సీపీయూసెట్‌లదీ (ఏ గుంపుకు ఏ ప్రాసెసర్లో చెప్పే జాబితాలు) ఇదే తంతు, లేచిన ప్రాసెసర్ పేరు జాబితాలోంచి కొట్టివేస్తే మళ్లీ చేరేది కాదు. 2021లో డెబియన్ 11కు మారాక సీగ్రూప్ రెండో రూపం వచ్చింది. అందులో మనం అడిగిన జాబితా వేరుగా, ఇప్పుడు నిజంగా అందుతున్న జాబితా వేరుగా ఉంటాయి. ప్రాసెసర్ తిరిగొస్తే తన చోటుకు తానే వస్తుంది. ఇప్పుడు నేను టాస్క్‌సెట్ మానేసి అన్నీ ఆ పద్ధతిలోనే పెడుతున్నాను.

0వ ప్రాసెసర్‌ను లేపుదామని చూస్తే మా మిషన్‌లో ఆ ఫోల్డర్‌లో 'ఆన్‌లైన్' ఫైలే లేదు. ఇంటి పెద్దను లేపరాదన్నమాట. నిద్రలోంచి మేల్కొనే పని దాని మీద ఆధారపడుతుంది, కొన్ని పాతకాలపు ఇంటరప్టులు దానికే వస్తాయి. ఇంటెల్, ఏఎండీ చిప్పుల రకమైన ఎక్స్86లో దాన్ని కూడా లేపగలిగే ఒక ఐచ్ఛికం కొంతకాలం ఉండేది, 2023లో వచ్చిన 6.5 కెర్నల్‌తో దాన్ని తీసేశారు. మంచి పని చేశారు.

లోపల ఈ పని మెట్లుమెట్లుగా సాగుతుంది. ఎక్కేటప్పుడు ఏ వరుసలో ఎక్కిందో దిగేటప్పుడు దానికి ఎదురు వరుసలో దిగుతుంది. ఆ మెట్ల జాబితాను సిస్‌లోనే 'స్టేట్స్' అనే ఫైల్‌లో చూడవచ్చు. థామస్ గ్లైక్స్‌నర్ బృందం 2016 ప్రాంతంలో పాత కట్టడాన్ని తీసేసి ఈ మెట్లు కట్టింది. కెర్నల్‌తో వచ్చే పత్రంలో ఆయనతో పాటు రస్టీ రస్సెల్, శ్రీవత్స వడ్డగిరి, అశోక్ రాజ్ తదితరుల పేర్లు రచయితలుగా ఉన్నాయి. చదవదగ్గ పత్రం, నిద్ర పట్టనివ్వదు.

2022లో మిషన్‌ను కేవీఎంతో (ఒకే మిషన్‌లో చాలా ఉత్తుత్తి మిషన్లు నడిపే లైనక్స్ సౌకర్యం) ముక్కలు చేసి, వీడియోలు దించుకునే వెబ్‌సైట్‌కు ఒక వర్చువల్ మిషన్ ఇచ్చాను. ఈ సౌకర్యానికి అసలు కడుపు నిండా మార్కులు వేసింది ఇక్కడే. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర నాలుగు రోజులూ మేము తీసిన దృశ్యాలను చిన్న సైజుకు మార్చే పని ఆ వర్చువల్ మిషన్ మీద పడింది. ఆపకుండానే 4 ప్రాసెసర్లను 8 చేశాను. ఒక్క ఆదేశం, అంతే.

కాకపోతే ముందు మూడు దెబ్బలు తిన్నాను. గరిష్ఠంగా ఎన్ని ఇవ్వవచ్చో మిషన్ బూట్ అయ్యేటప్పుడే రాసి ఉండాలి. మొదటిసారి గరిష్ఠం 4, ఇచ్చినవీ 4 అని రాసుకున్నందుకు దాన్ని ఆపక తప్పలేదు. రెండోది, ఇచ్చిన ప్రాసెసర్ లోపల కనబడింది గానీ పనిలోకి దిగలేదు. వచ్చిన వెంటనే 1 రాయమని, కొత్త పరికరాల రాకను చూసుకునే యూడెవ్‌కు ఒక నియమం రాసి పెట్టాలి. కొన్ని రకాల లైనక్స్‌లలో అది ముందే ఉంటుంది. మూడోది, అప్పటికే నడుస్తున్న ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు (వీడియోలు మార్చే ప్రోగ్రామ్) కొత్త చుట్టాలు వచ్చిన కబురు తెలియదు. మొదలైనప్పుడు ఎన్ని కోర్లు ఉన్నాయో చూసుకుని అన్నే త్రెడ్లు తెరుచుకుంటుంది. తర్వాతి ఫైల్ నుంచే వేగం తెలుస్తుంది.

జాతర అయ్యాక 8ని 4కు దించబోతే దిగలేదు. బయటి నుంచి తీసేయమనడం ఆజ్ఞ కాదు, మనవి మాత్రమే. లోపలి సిస్టమ్ ఒప్పుకుని వదిలితేనే పోతుంది. అప్పుడు లోపల ఏదో ఇరుక్కుని ఉంది. ఆదివారం రీబూట్ చేసి దించాను. అప్పటి నుంచి పెంచడానికి వెనుకాడను, తగ్గించడాన్ని నమ్ముకుని ఏ ఏర్పాటూ చేయను.

త్రెడ్ల జోడీలను ఒక్కసారిగా తీసేసే 'ఎస్ఎంటీ కంట్రోల్' అనే స్విచ్ ఒకటి ఉంది. 2018 ఆగస్టులో ఎల్1టీఎఫ్ అనే భద్రతా లోపం బయటపడ్డప్పుడు వచ్చింది. మా గదిలో బయటివాళ్ల ప్రోగ్రామ్‌లు నడవవు కాబట్టి నాకు దానితో పని పడలేదు.

ఈ సౌకర్యం తన ఖరీదు తీర్చుకున్నది మాత్రం అంతకుముందే, 2023 వైశాఖంలో. అంటే ఉచితమే గానీ, నేను పడ్డ తిప్పల ఖరీదు. లాగ్‌లో హార్డ్‌వేర్ లోపాలు కనబడసాగాయి. దిద్దుబాటు అయినవే, కానీ రోజురోజుకూ పెరుగుతున్నాయి. ప్రతిసారీ అదే నంబర్లు, 5 లేదా 21. లోపం ఆ కోర్ సొంత క్యాష్‌లో, అంటే అది తన దగ్గరే ఉంచుకునే చిన్న మెమరీలో. అందరికీ ఉమ్మడిగా ఉండే మూడో అంచె క్యాష్‌లో అయితే ఒక కోర్‌ను లేపి ప్రయోజనం ఉండేది కాదు, అది నా అదృష్టం. చేతిలో పదకొండు పెళ్లిళ్లు. మిషన్ ఆపి విప్పే వీల్లేదు.

మొదట 5ను మాత్రమే లేపాను. లోపాలు ఆగలేదు. అప్పుడు గానీ మే నెల యూపీఎస్ పాఠం గుర్తుకు రాలేదు. 'టోపాలజీ' ఫోల్డర్‌లో త్రెడ్ల తోబుట్టువుల జాబితా తెరిస్తే 5, 21 అని పక్కపక్కన ఉన్నాయి. ఒకే కోర్‌కు రెండు పేర్లు. 21ను కూడా లేపాను. లాగ్ నిశ్శబ్దమైంది. ఏడు వారాలు 30 ప్రాసెసర్లతో పెళ్లిళ్లన్నీ గట్టెక్కాయి. రెండర్‌లో తేడా మాకు తప్ప ఎవరికీ తెలియలేదు. స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చిన కుర్రాడిని అప్పుడే లాగ్ ముందు కూర్చోబెట్టి ఇదంతా చూపించాను.

రీబూట్ అయితే కెర్నల్ అందరినీ మళ్లీ పంక్తికి పిలుస్తుంది, ఎవరిని లేపామో దానికి గుర్తుండదు. అందుకని మిషన్ బూట్ కాగానే 5కూ 21కీ 0 రాసేలా రెండు వరుసల స్క్రిప్ట్ పెట్టాను. ఆషాఢంలో సికింద్రాబాద్ వెళ్లి అదే రకం పాత చిప్పు తెచ్చి, ఈసారి నిజంగానే మూత విప్పి మార్చాం. కుర్రాడి ముచ్చటా తీరింది. స్క్రిప్ట్ తీసేయడం మాత్రం మరిచిపోయాను. కార్తీకంలో ఒకరోజు వాడే ఎల్ఎస్‌సీపీయూ కొట్టి, "అన్నా, కొత్త చిప్పు కూడా చెడిపోయిందా? 5, 21 లేవు" అన్నాడు. నాలుగు నెలలు నిక్షేపంలాంటి కోర్‌ను గుమ్మంలోనే నిలబెట్టాను.