సిస్‌ప్రెప్ ఎర్రర్లు: ఆన్సర్ ఫైల్ ఇమేజ్ లోపల పెట్టాలా, బయట ఉంచాలా, ఉన్నదున్నట్టు క్లోన్ కొట్టాలా?

ఇమేజ్ (అన్నీ సిద్ధం చేసిన ఒక మాస్టర్ సిస్టమ్ డిస్క్ నకలు) వేసిన సిస్టమ్ ఒకసారి రీస్టార్ట్ అయి, 'గెటింగ్ రెడీ' అంటూ కాసేపు తిరిగి, ఒక ఎర్రర్ బాక్స్ పెట్టి ఆగిపోతుంది. అన్‌అటెండ్ ఆన్సర్ ఫైల్‌ని (సెటప్ అడిగే ప్రశ్నలకు ముందే జవాబులు రాసి పెట్టిన ఫైల్) స్పెషలైజ్ పాస్‌లో, అంటే సెటప్‌లోని ఒక దశలో, ప్రాసెస్ చేయలేకపోయిందట, తేడా మైక్రోసాఫ్ట్-విండోస్-షెల్-సెటప్ అనే కాంపోనెంట్‌లో ఉందట. ఓకే నొక్కితే రీస్టార్ట్ అవుతుంది, మళ్లీ అక్కడికే వచ్చి ఆగుతుంది. మర్నాడు ఆ ల్యాబులో పరీక్ష ఉంటే ఇక టెన్షన్ సంగతి చెప్పక్కర్లేదు.

ఇలాంటప్పుడు మూడు మాటలు వినపడతాయి. 'ఇమేజ్ మళ్లీ చేద్దాం', 'ఆన్సర్ ఫైల్ ఒక్కటి మారుద్దాం', 'ఈ సిస్‌ప్రెప్ గోల మనకెందుకు, క్లోన్ కొట్టేద్దాం'. సిస్‌ప్రెప్ అంటే ఇమేజ్ తీసేముందు మాస్టర్ సిస్టమ్‌కే చెందిన గుర్తులను తుడిచేసే విండోస్ టూల్. ఈ మాటల వెనక ఉన్నవి మూడు పద్ధతులు. ఆన్సర్ ఫైల్‌ని ఇమేజ్ లోపలే పెట్టి క్యాప్చర్ చేయడం (ఇమేజ్ తీయడం) మొదటిది. సిస్‌ప్రెప్ మాత్రం చేసి, ఆన్సర్ ఫైల్‌ని ఇమేజ్ వేసేటప్పుడు బయటి నుంచి ఇవ్వడం రెండోది. సిస్‌ప్రెప్ ఊసే లేకుండా డిస్క్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేయడం మూడోది. వేగమే చూసుకుంటే మూడోదే గెలుస్తుంది. నేను చూసేది వేరు: తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుందా, దాన్ని సరిచేయాలంటే ఎంత వెనక్కి వెళ్లాలి. ఆ లెక్కన నా ఓటు రెండోదానికే.

ఏ పద్ధతైనా ముందు ఎర్రర్ చదవడం రావాలి. విండోస్ సెటప్‌లో మొత్తం 7 పాస్‌లు ఉన్నా, ఇమేజ్ పనిలో మనల్ని ఏడిపించేవి మూడే: జనరలైజ్ (గుర్తులు తుడిచే దశ), స్పెషలైజ్ (పేరు, కీ లాంటివి ఆ సిస్టమ్‌కి పెట్టే దశ), ఊబ్ సిస్టమ్ (భాష, యూజర్ లాంటివి అడిగే చివరి దశ). సిస్‌ప్రెప్ నడుపుతుండగానే ఆగిపోతే అది జనరలైజ్ గొడవ, దాని లాగ్ సిస్టమ్32లోని సిస్‌ప్రెప్ ఫోల్డర్ కింద పాంథర్ అనే ఫోల్డర్లో ఉంటుంది. ఇమేజ్ వేశాక ఆగితే విండోస్ ఫోల్డర్ కింద ఉన్న పాంథర్ చూడాలి. అందులో సెటప్‌ఎర్ర్ లాగ్ చిన్నది, తప్పులు మాత్రమే ఉంటాయి. ఆ తప్పుకు ముందు ఏం జరిగిందో సెటప్‌యాక్ట్ లాగ్‌లో దొరుకుతుంది. ఎర్రర్ బాక్స్ తెర మీద ఉండగానే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది, అక్కడే నోట్‌ప్యాడ్‌లో లాగ్ తెరవచ్చు. మళ్లీ ఇమేజ్ వేసేలోపు ఈ పని చేయకపోతే ఆధారం పోయినట్టే.

షెల్-సెటప్ పేరు కనిపిస్తే నేను ముందు చూసేది కంప్యూటర్ నేమ్. దానికి 15 అక్షరాలే హద్దు. సీఎస్ఈ-ల్యాబ్3-సిస్టమ్-01 అని ముచ్చటగా పెట్టుకుంటే ఇంగ్లీషులో హైఫన్లతో కలిపి 18 అవుతుంది, అక్కడితో సెటప్ ఆగుతుంది. తర్వాత ప్రొడక్ట్ కీ: ప్రో ఇమేజ్‌కి ఎడ్యుకేషన్ కీ ఇచ్చారేమో, కీ తీసేసి ట్యాగ్‌ని ఖాళీగా వదిలేశారేమో చూడాలి. అన్‌అటెండెడ్ జాయిన్ అనే పేరు వస్తే డొమైన్‌లో చేర్చే వివరాలు చూడాలి. ఇంకో రకం తప్పుకు ఎర్రర్ కూడా రాదు. పాత 32-బిట్ రోజుల ఆన్సర్ ఫైల్‌ని ఎక్కడినుంచో తెచ్చి వాడితే, అందులో ఎక్స్86 అని ఉన్న భాగాలను 64-బిట్ విండోస్ పట్టించుకోకుండా వదిలేస్తుంది. అన్నీ ఆటోమేటిక్ అనుకున్న సిస్టమ్ భాష అడుగుతుంది, కీబోర్డ్ అడుగుతుంది, యూజర్ పేరు అడుగుతుంది.

ఇక పోలిక. ఆన్సర్ ఫైల్ లోపల పెట్టే పద్ధతిలో సుఖం ఏమిటంటే ఇమేజ్ ఒక్కటి ఉంటే చాలు, ఎవరైనా వేయగలరు. చిక్కు ఏమిటంటే ఫైల్‌లో ఒక్క అక్షరం తప్పున్నా అది అన్ని సిస్టమ్స్‌కీ వెళ్తుంది. విమ్ (విండోస్ సొంత ఇమేజ్ ఫార్మాట్) ఇమేజ్ అయితే కాస్త నయం, డిస్మ్ అనే విండోస్ టూల్‌తో మౌంట్ చేసి (ఫోల్డర్‌లా తెరిచి), పాంథర్‌లో ఉన్న ఆన్సర్ ఫైల్ దిద్ది, కమిట్ చేయవచ్చు. క్లోనెజిల్లాలాంటి డిస్క్ కాపీ టూల్స్‌తో తీసిన ఇమేజ్ అయితే అంత సులువుగా లోపలికి చెయ్యి పోదు, క్యాప్చర్ మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే. పైగా సిస్‌ప్రెప్ ఫోల్డర్లో వదిలేసిన ఆన్సర్ ఫైల్ కాపీ ఇమేజ్‌తో పాటు ప్రతి సిస్టమ్‌లోకీ చేరుతుంది. అందులో అడ్మిన్ పాస్‌వర్డ్ అర్థం కానట్టు కనిపించినా అది బేస్64 (తాళం లేకుండానే వెనక్కి మార్చగల రాత) మాత్రమే, కాస్త తెలిసిన కుర్రాడు నిమిషంలో విప్పేస్తాడు.

ఫైల్ బయట ఉంచితే కథ మారుతుంది. విన్‌పీఈతో (పెన్‌డ్రైవ్ నుంచి నడిచే చిన్న విండోస్) బూట్ చేసి, డిస్మ్‌తో ఇమేజ్ వేసి, రీస్టార్ట్ చేసే ముందు ఆ డ్రైవ్‌లోని విండోస్, పాంథర్ ఫోల్డర్లోకి ఆన్సర్ ఫైల్ కాపీ చేస్తే చాలు. పేరు తప్పా, కీ తప్పా, పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైల్ దిద్దుకుని మళ్లీ వేయడమే, ఇమేజ్ జోలికి పోనక్కర్లేదు. ఒక్కో సిస్టమ్‌కి ఒక్కో పేరు స్క్రిప్టుతో రాయించవచ్చు. ఒక్క జాగ్రత్త. విండోస్ ఆన్సర్ ఫైల్‌ని ఒక వరుసలో వెతుకుతుంది: ముందు రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచుకునే చోటు) చెప్పిన చోటు, తర్వాత పాంథర్ లోపలి అన్‌అటెండ్ ఫోల్డర్, ఆ తర్వాతే పాంథర్. ముందు రెండు చోట్ల పాత ఫైల్ తాలూకు జాడ ఉంటే మీరు దిద్దిన ఫైల్‌ని అది చూడనే చూడదు. 'మార్చాను, అయినా అదే ఎర్రర్' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

జనరలైజ్ ఎర్రర్లు మాత్రం ఈ రెండు పద్ధతుల్లోనూ ఒకటే. సిస్‌ప్రెప్ మీ విండోస్‌ని వాలిడేట్ చేయలేకపోయింది అని వస్తే ఎక్కువసార్లు దోషి స్టోర్ యాప్. ఒక యూజర్‌కి మాత్రం ఇన్‌స్టాల్ అయి, అందరికీ ప్రొవిజన్ కాని ప్యాకేజీ పేరు లాగ్‌లో స్పష్టంగా రాసి ఉంటుంది, పవర్‌షెల్‌తో దాన్ని తీసేస్తే సరి. మాస్టర్ సిస్టమ్‌ని ఆడిట్ మోడ్‌లో (యూజర్‌ని పెట్టకముందే సాఫ్ట్‌వేర్లు వేసుకునే మోడ్), నెట్ లేకుండా తయారుచేస్తే ఈ బాధ చాలావరకు ఉండదు, స్టోర్ తనంతట తాను అప్‌డేట్లు దించుకోదు కాబట్టి. విండోస్ 11 24హెచ్2 వచ్చాక బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) గొడవ కూడా ఎక్కువైంది. మనం ఆన్ చేయకపోయినా డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, సిస్‌ప్రెప్ ఒప్పుకోదు. మేనేజ్-బీడీఈ అనే కమాండ్‌తో ఆఫ్ చేసి, డీక్రిప్షన్ పూర్తయ్యాక మళ్లీ నడపాలి.

క్లోన్ కొట్టడంలో వేసిన రోజు ఒక్క ఎర్రర్ రాదు. అందుకే అది అందరికీ నచ్చుతుంది. సెక్యూరిటీ ఐడీ (ప్రతి విండోస్‌కీ ఉండే గుర్తింపు సంఖ్య) అన్ని సిస్టమ్స్‌కీ ఒకటే ఉంటే ఏమవుతుంది అన్న వాదన పాతదే. 2009లో మైక్రోసాఫ్ట్‌కి చెందిన మార్క్ రుసినోవిచ్ అదొక అపోహ అని రాసి, ఆ ఐడీని మార్చే తన న్యూఎస్ఐడీ టూల్‌ని ఆపేశారు. దాన్ని చూపించి చాలామంది సిస్‌ప్రెప్ మానేశారు. 2025 ఆగస్టు 29 నుంచి వచ్చిన అప్‌డేట్లతో ఆ ధీమా పోయింది. విండోస్ 11 24హెచ్2, 25హెచ్2, విండోస్ సర్వర్ 2025లలో ఒకే ఐడీ ఉన్న సిస్టమ్స్ మధ్య కెర్బరోస్, ఎన్‌టీఎల్ఎం (నెట్‌వర్క్‌లో ఎవరు ఎవరో సరిచూసే పద్ధతులు) లాగిన్లు ఆగిపోతున్నాయి. పాస్‌వర్డ్ సరైనదే ఇచ్చినా షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోదు, రిమోట్ డెస్క్‌టాప్ కలవదు. తెర మీద లాగిన్ కుదరలేదనో, పాస్‌వర్డ్ తప్పనో వస్తుంది, అసలు కారణం కోసం ఈవెంట్ వ్యూయర్లో ఎల్ఎస్ఏ‌ఎస్ఆర్‌వీ 6167 అనే ఈవెంట్ వెతికి పట్టుకోవాలి. మైక్రోసాఫ్ట్ చెప్పే శాశ్వత పరిష్కారం సిస్టమ్స్‌ని సిస్‌ప్రెప్ లాంటి పద్ధతిలో తిరిగి కట్టుకోమనే. ఇమేజ్ రోజున తప్పించుకున్న పని ఆర్నెల్ల తర్వాత అన్ని సిస్టమ్స్ మీదా ఒకేసారి వచ్చి పడుతుంది.

అలాగని క్లోనెజిల్లాని తప్పుపట్టడం కాదు. జనరలైజ్ చేసి షట్‌డౌన్ అయిన డిస్క్‌ని దానితో తీసుకుంటే ఏ ఇబ్బందీ లేదు.

నాలుగో దారి కూడా ఒకటి చెబుతుంటారు. ఎర్రర్ బాక్స్ దగ్గర రిజిస్ట్రీ తెరిచి, చైల్డ్ కంప్లీషన్ కింద సెటప్ విలువను 1 నుంచి 3 చేసి రీస్టార్ట్ కొట్టడం. డెస్క్‌టాప్ వస్తుంది, నిజమే. కానీ ఆగిపోయిన దశ పూర్తవలేదు, దాన్ని దాటేశామంతే. ఒక సిస్టమ్‌లోంచి అర్జెంటుగా ఫైళ్లు తీసుకోవాలంటే సరే, ల్యాబులో పెట్టి పిల్లలకు ఇచ్చే సిస్టమ్‌కి నేనైతే చేయను.

మొదటి పద్ధతికి నేను ఓటేసే సందర్భం ఒకటుంది. దూరపు బ్రాంచిలో కంప్యూటర్ల పని తెలిసినవాళ్లు లేరు, పెన్‌డ్రైవ్ గుచ్చి స్విచ్ వేయడమే వాళ్ల వంతు అనుకోండి. అప్పుడు ఫైల్ లోపలే పెట్టి, కంప్యూటర్ నేమ్ దగ్గర నక్షత్రం గుర్తు ఒక్కటి ఉంచితే విండోస్ తనే ఏదో పేరు పెట్టుకుంటుంది, తర్వాత రిమోట్‌లో మార్చుకోవచ్చు. రెండు మూడు సిస్టమ్సే ఉంటే ఇమేజ్ గొడవే వద్దు, ఫ్రెష్‌గా వేసుకోవడమే తొందరగా అవుతుంది.