అలీనా, టైసనా?

ఒంగోలు కర్నూలు రోడ్డులో టీ తాగడానికి ఆగినప్పుడల్లా మా బావకీ నాకూ ఇదే వాదన. బాక్సర్లు మహమ్మద్ అలీ, మైక్ టైసన్ ఇద్దరూ మంచి వయసులో తలపడితే గెలిచేదెవరు? నేను అలీ వైపు, బావ టైసన్ వైపు.

ఒడ్డూ పొడుగూ: అలీ 6 అడుగుల 3 అంగుళాలు, టైసన్ 5 అడుగుల 10. అలీ జాబ్ (ముందు చెయ్యి చాచి సూటిగా కొట్టే గుద్దు) దాటుకుని లోపలికి రావడమే టైసన్‌కి పెద్ద పని.

దెబ్బ: ఇక్కడ బావదే పైచేయి. 1988లో స్పింక్స్ అనే బాక్సర్‌ని టైసన్ 91 సెకన్లలో పడేశాడు. బండలాగుడు పందెంలో మన గిత్త మొదటి ఊపు చూశారుగా, అదీ!

దమ్ము: నా పట్టు ఇక్కడే. 1974లో కిన్షాసాలో అలీ తాళ్లకు ఆనుకుని ఫోర్‌మన్ గుద్దులు కాచుకున్నాడు, అతను అలిసిపోయాక 8వ రౌండులో పడగొట్టాడు. మరుసటేడు మనీలాలో ఫ్రేజియర్‌తో 14 రౌండ్లు నిలబడ్డాడు. టైసనేమో 1990లో టోక్యోలో పొడగరి డగ్లస్ జాబ్‌లకు చిక్కి 10వ రౌండులో కూలాడు.

గండం: అలీకి ఎడమ హుక్ (మోచెయ్యి వంచి పక్కనుంచి కొట్టే గుద్దు). 1963లో కూపర్, 1971లో ఫ్రేజియర్ దాంతోనే కింద పడేశారు. టైసన్ హుక్ నా కంటికి ఇంకా వేగం. "నిజమే బావా" అని ఒప్పుకున్నా.

నాలుగు రౌండ్లలోపు తేలితే టైసన్. ఆరు దాటితే అలీ. 1967 నాటి చురుకైన కాళ్లున్న అలీ అయితే ఆరు దాటిస్తాడనే నా నమ్మకం.