మెస్ బాగుంది, లెక్కల సారు బాగున్నారు, రాత్రిళ్లు మాత్రం పిల్లల్ని పట్టించుకునేవాళ్లు లేరు (2 స్టార్లు)

హైదరాబాద్ అవతల ఒక సీబీఎస్ఈ రెసిడెన్షియల్ స్కూలు, పేరు రాయడం లేదు. మావాడు అక్కడ ఎనిమిదో తరగతి. రెండు స్టార్లూ మెస్‌కీ, లెక్కల సారుకీ.

అడ్మిషన్ అప్పుడు పీఆర్వో క్యాంపస్ అంతా తిప్పి కెమెరాలు చూపించాడు. అవి గేటు దగ్గర, క్లాసుల్లో, వరండాల్లో ఉన్నాయి. బాత్రూముల్లో, పడుకునే హాల్లో లేవు, పెట్టకూడదు కూడా, కానీ అక్కడ ఒక పెద్దమనిషైనా ఉండాలి కదండీ? స్టడీ అవర్ అవగానే వార్డెన్ కింద తన గదిలో ఫోన్ చూసుకుంటాడు, పైన టెన్త్ వాళ్లదే రాజ్యం. చిన్నవాళ్లతో బట్టలు ఉతికించుకుంటారు, ఇంటి నుంచి పంపిన సున్నుండలు లాక్కుంటారు, ఇవ్వనంటే మొహం మీద దుప్పటి కప్పి కొడతారు, ఎవరు కొట్టారో చెప్పలేకుండా. ఆదివారం ఫోన్లో చెప్పొచ్చుగా అంటారేమో, వార్డెన్ పక్కనే నిలబడి వింటుంటే "బాగున్నాను నాన్నా" తప్ప ఏం చెబుతాడు? దసరాకి ఇంటికొచ్చినప్పుడు వీపు మీద కమిలిన మచ్చలు వాళ్లమ్మ చూస్తేనే తెలిసింది.

వెళ్లి అడిగితే ప్రిన్సిపాల్ గారు "మగపిల్లలన్నాక మామూలేనండీ, మళ్లీ కలిసిపోతారు" అన్నారు. తర్వాత అందరితో క్షమాపణ పత్రాలు రాయించారు. మావాడితో కూడా! సీనియర్లకి ఎదురు మాట్లాడాడట.

స్కూళ్లలో బుల్లీయింగ్ ఆపడానికి కమిటీ ఉండాలని సీబీఎస్ఈ 2015 మార్చిలోనే సర్క్యులర్ ఇచ్చింది. డాక్టరు, కౌన్సెలరు, తల్లిదండ్రుల తరఫున ఒకరు అందులో ఉండాలి, కొట్టినవాళ్లని సస్పెండ్ చేయడం లాంటి చర్యలు తీసుకోవచ్చు. ఆ కమిటీ ఏదని అడిగితే గోడ మీద బోర్డు చూపించారు. అందులో ఉన్న కౌన్సెలర్ పోయినేడే మానేసిందట, తల్లిదండ్రుల ప్రతినిధి కరస్పాండెంట్ గారి బావమరిది. టీసీ అడిగితే మాత్రం అదే రోజు ఇచ్చారు, మిగతా ఫీజు మాట ఎత్తితే అకౌంటెంట్ లీవులో ఉన్నాడు.

చేర్చాలనుకునేవాళ్లు హాస్టల్ మధ్యాహ్నం కాదు, రాత్రి తొమ్మిదిన్నరకి చూపించమనండి. పిల్లలు పడుకునే అంతస్తులో ఏ సారు పడుకుంటారో పేరు అడగండి. స్కూలు వాళ్లు పిలిచి చూపించే టాపర్‌తో కాదు, మెస్ లైన్లో చివర నిలబడ్డ పిల్లాడితో మాట్లాడండి. ఇప్పటికే మీ పిల్లలు అక్కడుంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 వాళ్లకి నోటికి నేర్పండి, ఉచితం, రాత్రి కూడా పనిచేస్తుంది. ఫోన్ చేయనివ్వాల్సింది మళ్లీ ఆ వార్డెనే అనుకోండి, అందుకే ఆ నంబరు మీ దగ్గర కూడా ఉండాలి.